నిమిషానికి ఒక డిగ్రీ

"పిండి ఇంకాస్త గట్టిగా కలుపు. నిన్న నూడుల్స్ మరీ మెత్తబడ్డాయి," అంది అత్తగారు. వెన్‌లాన్ ఇంకో గుప్పెడు పిండి వేసి కలిపింది. ఎనిమిదింటికల్లా ల్యాబులో ఉండాలి, కొలిమి దగ్గర. భర్త దగాంగ్ ఫోన్లోంచి తలెత్తకుండానే, "నీ పొడి ఎక్కడికీ పారిపోదులే," అన్నాడు.

పారిపోదు, పాడైపోతుంది. ఎన్నిసార్లు చెప్పింది! సీరియం అనే లోహాన్ని ఒక సేంద్రియ ఆమ్లంతో కలిపి తీసిన స్ఫటికాల పొడి అది. వేడిచేస్తే సేంద్రియ భాగం కాలిపోతుంది, ఆక్సైడ్ మిగులుతుంది, కాలిపోయిన చోటల్లా కంటికి కనపడని రంధ్రాలు. బండి పొగలోని విషాన్ని విరిచే బలమంతా వాటి వల్లే. వేడి నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పునే పెంచాలి. ఇది తేలడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది.

"ఓపిక మీ ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది," అని మెచ్చుకున్నాడు విభాగం పెద్ద హూ. ఓపికట! మెచ్చుకుని, ఆ పరిశోధన వ్యాసం మీద మొదటి పేరు ఆమె కంటే ఆరేళ్ళు చిన్నవాడైన రుయ్‌ది పెట్టాడు. "అతనికింకా ఉద్యోగం ఖాయం కాలేదు. నీకేం, సంసారంలో స్థిరపడ్డదానివి." ఆమె పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో చేరింది, కొలిమి చూసుకున్నందుకు.

ఆ ఉదయం బావోతౌ నగరం నుంచి ఒక కంపెనీవాళ్ళు ఈ పొడి తయారీ ఒప్పందం కోసం ల్యాబుకి వచ్చారు. "వెన్‌లాన్, టీ నువ్వు పొయ్యి. ఆడమనిషి చేత్తో పోస్తే నిండుగా ఉంటుంది," అన్నాడు హూ. పళ్ళు బిగబట్టి పోసింది.

వచ్చినవాళ్ళలో జుట్టు నెరిసిన ఇంజనీరమ్మ రుయ్‌ని అడిగింది: "ఐదు డిగ్రీల చొప్పున పెంచితే రోజుకి ఇంకా ఎక్కువ పొడి తీయొచ్చు కదా?"

"తీయొచ్చండీ," అన్నాడు రుయ్, తడుముకోకుండా.

వెన్‌లాన్ చెయ్యి ఆగిపోయింది. హూ కళ్ళతోనే వద్దన్నాడు.

"తీయలేరు," అంది. "రంధ్రాల గోడలు కూలిపోతాయి. ఐదుతో పధ్నాలుగుసార్లు చేసి చూశాం." అంతలోనే సరిదిద్దుకుంది: "చేసి చూశాం కాదు, చేసి చూశాను."

"మీరూ..?" అంది ఇంజనీరమ్మ.

"మా కొలిమి చూసుకుంటుందండీ," అన్నాడు హూ నవ్వుతూ.

వెన్‌లాన్ టీ కూజా తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది. కుర్చీ లాక్కుని ఇంజనీరమ్మ ఎదురుగా కూర్చుంది.

"మిగతా కప్పులు మీరు పొయ్యండి సార్. నేనిది వివరంగా చెప్పడానికి గంట పడుతుంది."