రెండు మిషన్ల చోటు

“చదివేదేముండాది మునిలక్ష్మీ? చూపిచ్చిన చోట సంతకం పెట్టు” అన్నాడు మా ఆయన కదిరప్ప. నా చేతులకు సంగటి అంటుకుని ఉంది. కడుక్కొచ్చేలోగా పెన్ను మూత కూడా ఆయనే తీసి పట్టుకున్నాడు. ఎంత ప్రేమో!

తొంభై ఎనిమిదిలో మాట ఇది. స్కూలు యూనిఫారాలు కుట్టే కంపెనీ పెట్టాలని ఆయన ఆరాటం. ఆడవాళ్ల పేరిటైతే బ్యాంకు వడ్డీ తక్కువట, అందుకని యజమానిని నేను. బెంగళూరు యలహంకలో చూసిన షెడ్డుకు ఇరవై కుట్టు మిషన్లతో, బ్యాంకు అప్పు కోసం ప్లాను రాయించాడు. అందులో నా అనుభవం దగ్గర ‘గృహిణి’ అని ఉంది. తొమ్మిదేళ్లు గార్మెంట్స్‌లో కుట్టి, సూపర్‌వైజర్‌నైన మనిషిని! “మిషను తొక్కేదీ ఒక పనేనా, జనం నగుతారప్పా” అని మా అత్త భాగీరథమ్మే ఆ ఉద్యోగం మాన్పించింది. ఇప్పుడు ఆ పనికే కొడుకు కంపెనీ పెడుతుంటే ఎవరూ నవ్వడం లేదు.

రేపు పెడతానన్నాను. మధ్యాహ్నం అంట్లు తోమి, ప్లానులోని షెడ్డు బొమ్మ ముందేసుకున్నాను. మిషన్లున్నాయి, ఆయనకో గది ఉంది. ఇరవైమంది ఆడవాళ్లకు ఒక్క బాత్రూము లేదు. ఒళ్లు మండిపోయింది. మా పాత ఫ్యాక్టరీలో బాత్రూముకు పోవాలంటే టోకెను అడుక్కోవాలి, వరసగా మిషన్లేసిన లైనంతటికీ రెండే టోకెన్లు. ఆ భయానికి నీళ్లు తాగకుండా కుట్టేవాళ్లం. నా పక్కన కుట్టే జ్యోతి ఒకరోజు ఆపుకోలేక, స్టూలు మీదనుంచి లేవలేక ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది. రెండు మిషన్లు కొట్టేసి ఆ చోట బాత్రూములు గీశాను. ‘గృహిణి’ కొట్టేసి తొమ్మిదేళ్లూ రాశాను. అప్పుడు పెట్టాను సంతకం.

“ఇరవై పట్టే షెడ్డులో పద్దెనిమిదేనా?” బ్యాంకు మేనేజరు అడిగాడు.

“తప్పు పడుండాది సార్, దిద్దిస్తా” అన్నాడు మా ఆయన.

“యజమాని మీరా, ఆమెనా?”

“తప్పు కాదు సార్” అన్నాను. “నీళ్లు తాగని మనిషి మధ్యాహ్నానికే సోలిపోతాది. అట్లా ఇరవైమంది కుట్టేదానికంటే, నీళ్లు తాగి పద్దెనిమిదిమంది కుట్టేదే ఎక్కువుంటాది. నేను లైను నడిపినదాన్ని.”

మేనేజరు అరగంట ప్రశ్నలడిగాడు. కాలరుకు ఎన్ని నిమిషాలో, గుడ్డ ఎంత వృథానో, అన్నీ చెప్పాను. మా ఆయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. “అప్పు వస్తుందమ్మా” అన్నాడు మేనేజరు. గెలిచాననిపించింది. గెలిచాను కూడా.

మెట్లు దిగుతూ “మరి నేనేం జేయాల?” అన్నాడు మా ఆయన.

సంచిలోంచి నేను రాసిన ఉద్యోగం కాగితం తీశాను. మా కంపెనీకి మేనేజరు, కదిరప్ప, నెల జీతం.

“మొత్తం చదివినాకనే పెట్టండి సంతకం” అని పెన్ను ఇచ్చాను, మూత తీయకుండా.