‘బాగున్నాను’ అనకూడదు

"మళ్ళీ మొదటినుంచి. బాగున్నారా బాబాయ్ గారూ?"

"ఆఁ, ఏదో, బాగానే..."

చెక్క స్కేలు బల్లమీద టక్కున పడింది. ముసలాయన ఉలిక్కిపడి నాలిక కరుచుకున్నాడు.

మందుల షాపు పక్కన మెట్లకింద ఇరికించిన గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగనా వద్దా అన్నట్టు తిరిగే ఫ్యాను. బల్ల వెనక కూర్చునే ఆవిణ్ణి అందరూ స్కేలమ్మ అంటారు. మందుల మీద రాయితీ కార్డు కావలసిన ముసలివాళ్ళకి ఫారాలు నింపిపెట్టడం ఆవిడ పని. ఫారాలదేముంది, ఎవరైనా నింపుతారు. ఆవిడ గట్టెక్కించేది ఫోను కాల్ దగ్గర.

కార్డున్నవాళ్ళకి మందుల కంపెనీ ఆరు నెలలకోసారి ఫోను చేస్తుంది. జబ్బు ఇంకా పీడిస్తుంటేనే రాయితీ, తగ్గితే లేదు. అది కనుక్కోవడానికే ఆ కాల్. చేసినవాడు ముందుగా, సొంత మేనల్లుడిలా, "బాగున్నారా?" అంటాడు. పలకరింపే కదా అని ముసలివాళ్ళు "బాగున్నాను" అంటారు. ఆ ముక్క జవాబు కింద రికార్డవుతుంది. కార్డు ఊడుతుంది.

ఆ "బాగున్నారా" కనిపెట్టింది స్కేలమ్మే.

పదకొండేళ్ళు ఆ కంపెనీ ఫోన్ల హాల్లో పనిచేసింది. కార్డు ఊడబెరికినప్పుడల్లా గోడమీది బోర్డులో, పేరు పక్కన, ఒక నక్షత్రం గీసేవారు. కొత్తవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పు పలికినప్పుడల్లా ఈ స్కేలుతోనే బల్లమీద కొట్టి పని నేర్పింది. అలా నేర్చుకున్నవాళ్ళలో ఒకడిది వెన్నలాంటి గొంతు. అక్కా అక్కా అంటూనే నక్షత్రాల్లో ఆవిణ్ణి దాటేశాడు, అక్కా అంటూనే ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేస్తూ ఆవిడ తెచ్చుకున్నది స్కేలొక్కటే.

ఇప్పుడు ముసలివాళ్ళని ఆదుకుంటోందంటే జాలిగుండె కాదు. ఇక్కడ కార్డు నిలబడితే అక్కడ వాడికి నక్షత్రం ఒకటి తగ్గుతుంది. కడుపు నిండడానికి ఆవిడకి అది చాలు.

ఎదురుగా ఉన్నాయన రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళ పొగా దుమ్మూ ఊపిరితిత్తుల్లో మూటకట్టుకున్నాడు. పూటపూటా పీల్చే మందు పడితే మూడంతస్తులు ఎక్కగలడు. పడకపోతే మొదటి మలుపులోనే చతికిలబడతాడు. పైన మంచం దిగలేని భార్య ఉంది. ఆ మందు కార్డు మీదయితే కొనగలడు, లేకపోతే అటువైపు చూడను కూడా చూడలేడు.

చిక్కంతా ఆయన నోటితోనే. బస్సెక్కిన ప్రతివాణ్ణీ పలకరించిన నోరది. ఒంట్లో బాగాలేదని పరాయివాడితో చెప్పుకోవడం ఆయనకి నామోషీ.

"ఎవరో కుర్రాడు అంత ఆప్యాయంగా అడిగితే ఏడుపుమొహం పెట్టమంటావేమిటమ్మాయ్?"

"ఆ ఆప్యాయత నేను నేర్పిందే బాబాయ్. పెట్టండి."

వారం రోజులు పెట్టించింది. నిద్రెలా పడుతోందని అడిగితే పట్టడం లేదనాలి. అన్నం సయిస్తోందా అంటే సగమే అనాలి. అబద్ధాలేం కావు, ఆయన ఎవరికీ చెప్పుకోని నిజాలే. అయినా ఒక్కొక్కటీ పెకలించడానికి పది స్కేలు దెబ్బలు పట్టింది.

పదకొండు గంటలకి, కంపెనీ చెప్పిన వేళకే, కండక్టరు ఫోను మోగింది. ఆవిడ స్పీకరు నొక్కి బల్లమీద పెట్టింది.

"నమస్కారం బాబాయ్ గారూ. బాగున్నారా?"

వాడే. అదే వెన్నలాంటి గొంతు. కండక్టరు స్కేలు వంక చూశాడు.

"లేదు బాబూ. బాగాలేను."

తర్వాత బండి దానంతటదే సాగింది. నిద్రా, తిండీ, దగ్గూ అన్నీ దాటాడు. బజారు పనులు ఎవరు చూస్తున్నారని అడిగేసరికి మాత్రం ఆయన వెన్ను నిటారైంది. నేనుండగా ఇంకెవరు అనబోయాడు. స్కేలు టక్కుమంది. ఆయన గబుక్కున మాట మార్చి, మెట్టుకోసారి ఆగి ఎలాగో ఈడుస్తున్నానన్నాడు.

అవతల ఒక్క క్షణం అలికిడి లేదు.

స్కేలమ్మ స్కేలు మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. ఆ చప్పుడు కింద రెండేళ్ళు కూర్చున్నవాడు వాడు.

వాడి గొంతు ఇంకాస్త మెత్తబడింది. అంతా రాసుకున్నాననీ, మందు మానొద్దనీ చెప్పి, "ఉంటాను బాబాయ్ గారూ" అన్నాడు. కండక్టరు మొహం వెలిగింది. కానీ ఫోను కట్ కాలేదు. మనం ముందు పెట్టకూడదు, లైను తెగేదాకా రికార్డు నడుస్తూనే ఉంటుంది. అది కూడా హాల్లో కొత్తవాళ్ళకి ఆవిడ చెప్పిన పాఠమే. ఆవిడ ఫోను కోసం చెయ్యి చాపేలోపే కండక్టరు దాన్ని నోటిదగ్గరికి తీసుకున్నాడు, చివరి స్టాపులో ప్రయాణికుణ్ణి దింపుతున్నట్టు.

"పొద్దుట్నుంచీ ఎంతమందితో వాగి ఉంటావో పాపం. నువ్వు బాగున్నావా నాయనా?"

"మీ దయవల్ల బాగున్నాను. మీరూ పిన్నిగారూ?"

"మేమూ బాగున్నాం నాయనా."

కావలసింది చిక్కాక అవతలివాడే పెట్టేశాడు.

"ఎలా చెప్పాను?" అన్నాడు కండక్టరు, మార్కుల కోసం చూసే పిల్లాడిలా. నిమిషంలో మెసేజి వచ్చింది. ఆయన కళ్ళజోడు తగిలించుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "మీ ఆరోగ్యం మెరుగుపడినందుకు అభినందనలు." తలెత్తి నవ్వాడు. "చూశావా, అభినందనలట."

"కింది లైను చదవండి."

చదివాడు. నవ్వు మొహంమీదే మరిచిపోయినట్టు కాసేపు అలాగే ఉంది. జేబులోంచి పీల్చే మందు డబ్బా తీసి చెవి దగ్గర ఆడించి చూసుకున్నాడు.

"నోరు జారిందని మళ్ళీ ఫోను చేద్దాం."

"కుదరదు. రికార్డయింది రికార్డయినట్టే. ఆ రూలూ నేను పెట్టించిందే." స్కేలు పక్కన పడేసింది. "కింద అంతస్తులో ఇల్లు వెతుక్కోండి బాబాయ్. లేచి దారివ్వండి, బయట మనుషులున్నారు."

ఆయన లేవలేదు. ఈలోగా ఆవిడ ఫోను మోగింది. హాలు వదిలి వచ్చినా ఫోన్లోంచి తీసెయ్యని నంబరు.

"అక్కా," అంది వెన్నలాంటి గొంతు. "స్కేలింకా దాచుకున్నారన్నమాట. ఎన్నాళ్ళయింది విని. బాగున్నారా?"

ఇన్నేళ్ళుగా కూడబెట్టిన తిట్లన్నీ నాలిక చివరికి వచ్చాయి. వాటిని తోసుకుని అలవాటు ముందొచ్చింది.

"బాగున్నాను," అంది స్కేలమ్మ.

కండక్టరు డబ్బా జేబులో వేసుకున్నాడు. స్కేలు అందుకుని, బల్లమీదున్న ఆవిడ వేళ్ళ మీద టక్కున ఒక్కటి వేశాడు.