తలుపు తెరిచేదాకా

పసుపుపచ్చ బస్సును వంటగది వెనక ఆపి, లూషియస్ టాల్బర్ట్ చివరి పాపను చెయ్యి పట్టుకుని దించాడు. డ్రైవరు రాని రోజున బస్సు నడపడం మిసిసిపీలోని ఆ పల్లె బడిలో ప్రిన్సిపాలు పనే. యాభై దాటిన భారీ మనిషి, మడమలరిగిన బూట్లు. ఈవేళ మాత్రం నీలం టై కట్టాడు. స్టీరింగుకు తగలకుండా దాని కొసను చొక్కా జేబులో దోపుకున్నాడు.

గుమ్మంలో ఎర్లీన్ ఆయాసపడుతూ గిన్నెకు కాగితపు టేపు అంటిస్తోంది. పేరు రాయనిదే ఏ గిన్నెనూ ఫ్రిజ్‌లోకి పోనివ్వదు. అతను ఒకటో తరగతిలో ఉన్నప్పుడూ ఆవిడే వంటమనిషి. ఇంకో రొట్టె పళ్ళెంలో వేసి, ఎవరికీ చెప్పకురా అనేది.

"టై కట్టావే. పెళ్ళెవరికి, డా..." అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"ఆ మాట వద్దన్నానా, ఎర్లీనమ్మా? ప్రొఫెసర్లు తలుపు తెరిచి పిలిచేదాకా ఎవరూ అనకూడదు. అచ్చిరాదు."

"మూడేళ్ళుగా నా నోరు కట్టేశావు. సాయంత్రం రా, ఊరంతా వినపడేలా పిలుస్తా. ఎవడాపుతాడో చూస్తా."

"కాళ్ళు వాచినట్టున్నాయి. చూపించుకున్నావా?"

"నీ పని చూసుకో ముందు."

ఒకప్పుడు డాక్టరేట్ చదువుకు ఇల్లు అమ్ముకోవాలి. ఫీజు చూసి అతను దరఖాస్తును సొరుగులో పడేశాడు కూడా. తరవాత, బడులు నడిపేవాళ్ళ కోసమని ప్రభుత్వ విశ్వవిద్యాలయం పక్క ఊళ్ళోనే శనివారం తరగతులు మొదలుపెట్టింది, జీతంలోంచి కట్టుకోగలిగే ఫీజుతో. చర్చి గోడమీది ఆ ప్రకటనను చించి తెచ్చింది ఎర్లీనే. "మన బడి మూసేద్దామని జిల్లా ఆఫీసులో డాక్టర్లు మాట్లాడుతుంటే, మన వైపు ఒక్కడుండొద్దా?" అంది.

మధ్యాహ్నం విశ్వవిద్యాలయంలో, డాక్టరేట్ ఆఖరి పరీక్షలో, ప్రొఫెసర్ల ముందు అతను బస్సు తప్పిపోయే పిల్లల గురించి, బడి దూరమైతే చదువు మానేసే పిల్లల గురించి చెప్పాడు. ఆనవాయితీ ప్రకారం వాళ్ళు పట్టా ఇవ్వాలో లేదో తేల్చుకోడానికి అతన్ని బయటికి పంపి తలుపు వేసుకున్నారు. వరండాలో బల్ల మీద కూర్చుంటే నిజంగా భయమేసింది. చివరికి తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ చెయ్యి చాపింది.

"రండి, డాక్టర్ టాల్బర్ట్."

సంతోషమే. కానీ అతని చెవులు ఇంకో గొంతు కోసం కాచుకుని ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి వంటగదిలో ఎర్లీన్ లేదు. ఆవిడ కింద పనిచేసే వనీటా ఒక్కతే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"పిల్లలు తిన్నాక కాసేపు కూర్చుంటానంది సార్. మళ్ళీ లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. మీరు లోపలున్నారని ఫోన్ చెయ్యలేదు."

అతను ఎర్లీన్ స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఒక్క మాటను పొద్దునే అననిచ్చి ఉంటే ఏం పోయేది అనుకున్నాడు. వనీటా అతని భుజం మీద చెయ్యి వేసింది.

"మీకోసం పొద్దున ఏదో చేసి పెట్టింది సార్. ఫ్రిజ్‌లో ఉంది."

అతను లేచి ఫ్రిజ్ తలుపు తెరిచాడు. పై అరలో, అల్యూమినియం రేకు కప్పిన, పీచ్ పండ్లతో చేసిన తీపి వంటకం పళ్ళెం మీద టేపు ముక్క అంటించి ఉంది. దాని మీద ఎర్లీన్ లావుపాటి అక్షరాలు: "డాక్టర్ టాల్బర్ట్‌ది. ఎవరూ ముట్టుకోవద్దు."