గురవయ్య పేరుతో ఒక సీసా

పాల్వంచ బస్టాండు వెనక ఉన్న ల్యాబుకు డాక్టర్ వెంకటరామారావు పేరుతో పెద్ద బోర్డే ఉంది గానీ, దాన్ని చదివే అవసరం ఎవరికీ రాలేదు. ఉచ్చ డాక్టరు దగ్గరికి అంటే రిక్షావాళ్లే తెచ్చి దింపేస్తారు. మూత్రంలో రాలి వచ్చే కణాలను మైక్రోస్కోపు కింద చూసి, కిడ్నీకేమైందో, మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందో లేదో చెప్పే విద్య ఆయన మద్రాసులో నేర్చుకొచ్చాడు. దమ్మపేటలో ఉన్న తండ్రి వెంకటప్పయ్య మాత్రం మావాడు రక్తం డాక్టరని చుట్టాలకు చెప్పుకునేవాడు. పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాడు. అసలు సంగతి పద్మావతమ్మకు కాపురానికొచ్చాక గానీ తెలియలేదు.

ఆయనకు తన విద్య మీద ప్రేమ కాస్త ఎక్కువే. నొప్పి ఉందా, ఎక్కడ, లోగడ రాళ్లు పడ్డాయా అని రోగిని అడగకుండా స్లైడు ముట్టుకోవడం మహాపాపమనేవాడు. ఆ వివరాలు రాయకుండా శాంపిల్ పంపిన డాక్టర్లను పేరుపెట్టి తిట్టేవాడు. రోగులు సిగ్గుపడినా ఆయనకు నచ్చదు. ములకలపల్లి నుంచి పగిడయ్య అనే ముసలాయన సీసాను తువ్వాల్లో చుట్టి చంకలో దాచుకొస్తే, దాన్ని లాక్కుని అందరి ముందూ వెలుతురుకెత్తి చూశాడు.

"ఇందులో సిగ్గేముందయ్యా? రాజుకైనా వచ్చేదే."

బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. పగిడయ్య నవ్వలేదు.

ఎనభై ఆరు వేసవిలో ఒక పొద్దున వెంకటరామారావుకే ఎర్రగా పడింది. బీట్‌రూట్ తిన్నానేమో అనుకున్నాడు. ఇంట్లో బీట్‌రూట్ వండి నెల దాటింది. మర్నాడూ అంతే. ఇక తప్పక సీసాలో పట్టి, చుట్టూ ఒకసారి చూసి, దాని మీద గురవయ్య అని రాశాడు. రాజుకైనా వచ్చేదే, నిజమే. కానీ ఉచ్చ డాక్టరుకే వచ్చిందంటే ఎంత నామోషీ.

తలుపేసుకుని స్లైడు చూశాడు. విడివిడిగా ఉండాల్సిన కణాలు ద్రాక్షగుత్తుల్లా గుంపులు కట్టి ఉన్నాయి. మూత్రాశయంలో గడ్డ. హైదరాబాదు, ఆపరేషను, పక్కన తగిలించుకునే మూత్రం సంచీ, అదీ బతికితే. ఇంత తొందరగా పట్టేశానని ఒక మూల గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం చూసి తనకే రోత పుట్టింది. ఉచ్చ డాక్టరు ఉచ్చ రోగంతోనే పోయాడని ఊరంతా చెప్పుకుంటుందన్న ఊహ, చావంత బాధపెట్టింది.

హైదరాబాదులో మీటింగుందని భార్యకు చెప్పాడు. పద్మావతమ్మ జంతికలు డబ్బాకెత్తింది. ఆమె వీపు చూస్తూ నిలబడితే ఆయనకు ఏడుపొచ్చింది. చావాలని లేదు. ఈమెను వదిలి వెళ్లాలని అసలే లేదు.

బస్సెక్కే ముందు స్లైడు తీసుకుపోదామని ల్యాబుకొచ్చాడు. టెక్నీషియన్ అనంతమ్మ గురవయ్య సీసా, రిపోర్టు కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కూతురు, పని నేర్పింది ఆయనే.

"సారూ, గీ గురవయ్య ఎవరు? మా కాలనీల్నే నలుగురున్నరు."

"తెలిసినాయనలే. రిపోర్టు నేను రాస్తాను."

"రాయుండ్రి. గని అడగాల్సినయి అడగలే. అడగకుండ స్లైడు ముట్టొద్దని మీరే అన్నరు గద. నొప్పి ఉందా ఆయనకు?"

"లేదు."

"నడుముల గూడ లేదా?"

"నడుమంటే... అది బస్సు నొప్పి. దమ్మపేట రోడ్డు సంగతి తెలుసుగా."

"ఒక్క దిక్కే వస్తదా, రెండు దిక్కులనా?"

"ఎడమ పక్క." ఆయన చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కకు పోయింది.

"కిందికి దిగుతదా?"

"గజ్జల్లోకి దిగుతుంది."

అనంతమ్మ రాయడం ఆపి ఆ చేతి వంక చూసింది. మళ్లీ కాగితం మీదికి వంగింది.

"అవ్ సారూ. గురవయ్యకు శానా తిప్పలే ఉన్నట్టుంది."

వెంకటరామారావు స్టూలు మీద కూలబడ్డాడు. బస్సు నొప్పి ఎడమ పక్కనే రాదు, గజ్జల్లోకి దిగదు. ఈ మాట ఇంకే రోగి చెప్పినా కుర్చీలోంచి లేవకుండా రాయి అనేవాడు. రాయి ఒరుసుకుంటే కణాలు గుంపులుగా ఊడొచ్చి, అచ్చం గడ్డలా కనిపించి మోసం చేస్తాయని అనంతమ్మకు పాఠం చెప్పింది తనే. జిల్లా మొత్తాన్ని అడిగే ప్రశ్న ఒక్క మనిషిని అడగడం మరిచాడు.

మర్నాడు ఎక్స్‌రేలో కందిగింజంత రాయి కనిపించింది. బిందెల కొద్దీ నీళ్లు తాగి, ఇంటి గోడలదిరేలా అరిచి, నాలుగు రోజులకు దాన్ని బయటికి పంపాడు. పద్మావతమ్మ గుమ్మంలో నిలబడి, "మీటింగయిందా?" అని మాత్రం అడిగింది.

కానీ రాయి ఉన్నవాడికి గడ్డ ఉండకూడదని రూలేమీ లేదు. నెలాగి మళ్లీ చూడాలి. ఆ నెలంతా ఆయనకు సరిగా నిద్రపట్టలేదు. చివరికి ఒక ఉదయం సీసాను కోటు కింద దాచుకుని ల్యాబుకొచ్చాడు.

"పేరు?" అంది అనంతమ్మ.

"వెంకటరామారావు."

"ఇనపడ్తలేదు సారూ."

గట్టిగా చెప్పాడు. బెంచీ మీది తలలన్నీ తిరిగాయి. వాటిలో పగిడయ్యది కూడా ఉంది, చంకలో అదే తువ్వాల. ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూసో సారూ. గిందుల సిగ్గేముంది, రాజుకైన వచ్చేదే."

అందరూ నవ్వారు. వెంకటరామారావు చెవులు మండాయి. పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రోజు సీసా ఎందుకు దాచావయ్యా, సిగ్గేసా?"

"సిగ్గేంది సారూ, ఈ వయసుల. భయమైంది."

గంట తర్వాత అనంతమ్మ లోపలికి పిలిచింది. గుంపులు లేవు. కణాలు విడివిడిగా, బుద్ధిగా ఉన్నాయి. మసకగా కనిపిస్తుంటే మైక్రోస్కోపు అద్దం తుడవలేదేమని ఆమెను కసిరాడు గానీ, అద్దం శుభ్రంగానే ఉంది.

కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, పగిడయ్య పక్కన కూర్చుని, నొప్పెక్కడని మెల్లగా అడిగాడు. అన్నీ విన్నాక సీసాను తువ్వాలతోనే లోపలికి తీసుకెళ్లాడు.