ఆగు అంటే మళ్ళీ మొదటి నుంచి

...అలా కాదమ్మడూ, మొదట్లో రూల్లేవీ లేవు. రాసుకో, నెమ్మదిగా చెప్తా. దీవుల్లోవాళ్ళు కాళ్ళకి అడవితీగలు కట్టుకుని ఎత్తు మంచెల మీంచి దూకేవాళ్ళు. ఎవడి తీగ వాడే చూసుకునేవాడు. అది చూసి ఇక్కడ వంతెన మీంచి నది మీదకి దూకే బంగీ జంపుకి రబ్బరుతాడు పేనారు. మా వంతెన మీద మొదట్లో మనిషిని ఎగాదిగా చూసి, "వీడో తొంభై కిలోలుంటాడు" అని కట్టేసేవాళ్ళు. తూకం వెయ్యడం, బరువుని బట్టి తాడు రంగు, చేతిమీద బరువు రాయడం, ఇవన్నీ తర్వాత వచ్చాయి.

అన్నిటికన్నా పెద్దరూలు రెండు గొంతులది. ఒకడు కడితే ఇంకొకడు చూడాలి. చూసి ఊరుకుంటే చాలదు, పైకి అనుకోవాలి. "పేరు?" "ఫలానా." "బరువు?" "ఇంత." "తాడు?" "ఎర్రది." "ముడి?" "చూశా." ఇద్దర్లో ఎవరైనా "ఆగు" అన్నారా, ఎందుకని అడక్కూడదు. అన్నీ విప్పేసి మళ్ళీ పేరు దగ్గర్నించి మొదలెట్టాలి.

ఆ రూలే లేకపోతే ఏంగస్ చెవిన మనిషి మాటే పడేది కాదు.

కట్టేది ఏంగస్, చూసేది హోహెపా. హోహెపా అక్క పారేని ఏంగస్ చేసుకున్నాడు. ఒకప్పుడు వంతెన మీద వాళ్ళిద్దరి గోల వినాలి నువ్వు. ఏంగస్ అంతకుముందు గొర్రెలకి బొచ్చు కత్తిరించేవాడు. "బావా, అది గొర్రె కాదు, మనిషి కాలు, చూసి కట్టు" అనేవాడు హోహెపా. "గొర్రైతే నీకన్నా బుద్ధిగా నిలబడేదిరా" అనేవాడు ఏంగస్. దూకడానికొచ్చినవాళ్ళు వణుకుతూనే నవ్వేవాళ్ళు.

పారే పోయింది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న తమవాళ్ళని తీసుకురావడానికి హోహెపా వెళ్ళాడు. పోయిన ఆడపిల్లని పుట్టిన నేలలో పెట్టడానికి ఇమ్మని అడగాలి, అది వాళ్ళ ఆచారం. అడుగుతారు, పోట్లాడతారు, ఏడుస్తారు, ఆఖరికి ఎవరో ఒకరు తగ్గుతారు. తగ్గినా తగ్గకపోయినా అడగనివ్వాలి. ఏంగస్ అడగనివ్వలేదు. వాళ్ళు దిగేసరికే ఇక్కడ మట్టి చేసేశాడు. ఆమె లేని ఇల్లు చాలు, ఆమె లేని ఊరు కూడానా, అనుకున్నాడు.

ఆరోజుతో బావా అన్న పిలుపు ఆగిపోయింది. హోహెపా ఊరు వదల్లేదు, అక్క ఇక్కడుంది గదా. పనీ వదల్లేదు. రూలు అడిగే నాలుగు మాటలు తప్ప ఇంకో మాట లేదు. ముడి కేసి చూస్తాడు, మొహం కేసి చూడడు.

ఏంగస్ ఇంటికెళ్తే రెండు కుర్చీలు, ఒక రేడియో. పొద్దున టీ, రాత్రికి కొట్లో కొన్న మటన్ పై, అదే, మాంసం కూరిన రొట్టె, అదీ సగమే. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే నోట్లోది మింగుడు పడేది కాదు. "చూశా" అన్న మాట వినడానికే పొద్దున్నే లేచేవాడు. చలికాలం దూకేవాళ్ళు తగ్గిపోతే ఆ మాటా తగ్గిపోయేది. సెలవంటే హడలు. ఆరోజు పారే సమాధి దగ్గరికి వెళ్తే హోహెపా పెట్టివెళ్ళిన తాజా ఆకులుండేవి. ఇప్పుడే వచ్చి వెళ్ళాడు అనుకుని ఆ పక్కనే కాసేపు కూర్చునేవాడు.

ఏళ్ళు గడిచాయి. మోకాళ్ళు అరిగిపోయి కిందకి వంగలేకపోయాడు. పని మానేసేవాడు ఆఖరిరోజున తనూ దూకాలి, అది మా వంతెన అలవాటు. ఏంగస్‌కి దూకడం మీద ధ్యాస లేదు. రేపట్నించి ఆ నాలుగు మాటలు కూడా ఉండవు. ఈలోపు హోహెపా ఒక్కసారి బావా అంటాడా, అనడా? అదొక్కటే.

కట్టడానికి హోహెపా వంగాడు. పొద్దున్నే తాడు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. చూడ్డానికి తూకం దగ్గరమ్మాయి వచ్చింది.

"పేరు?" అందా పిల్ల.

"ఏంగస్" అన్నాడు హోహెపా. ఏంగస్ నది కేసి తల తిప్పుకున్నాడు.

"బరువు?"

హోహెపా ఏంగస్ చెయ్యి పట్టుకుని తిప్పి, రాసింది చూశాడు. "డెబ్బై ఒకటి."

"తాడు?"

హోహెపా తాడు కేసి చూశాడు. చేతిలో ఉన్నది ఎర్రతాడు, తొంభై దాటినవాళ్ళకి వేసేది. వెనకటి ఏంగస్ బరువు గుర్తుపెట్టుకుని తీశాడు. ఎదురుగా ఉన్న ఏంగస్‌ని చూసుకోలేదు.

"ఆగు" అన్నాడు.

అన్నీ విప్పాడు. "నీ కాటా చెడింది పిల్లా, మళ్ళీ తూచు."

తూచింది. డెబ్బై ఒకటే. అప్పుడు తలెత్తి మొహం చూశాడు. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా మెడ దగ్గర వేలాడుతోంది. వెళ్ళి సన్నతాడు, నీలంది, తెచ్చాడు. కాళ్ళకి తువ్వాలు చుట్టి మళ్ళీ కట్టాడు.

"పేరు?" అందా పిల్ల.

"మా బావ."

"అది పేరెలా అవుతుంది?"

"ఈ వంతెన మీద అవుతుంది. నువ్వు అడుగు." తర్వాత గొంతు తగ్గించి, "తిండి మానేశావా బావా?" అన్నాడు.

"సగానికే కడుపు నిండుతోందిరా."

"మిగతా సగం నాకుంచు మరి. పారెయ్యకు."

కింద నదిలో, దూకినవాళ్ళని దింపుకునే రబ్బరు పడవలో నేనున్నా. ఏంగస్ వచ్చి తలకిందులుగా వేలాడుతుంటే గెడ అందించా. కన్నీళ్ళు నుదుటి మీదకి కారుతున్నాయి. "దెబ్బ తగిలిందా?" అన్నా. "పిలిచాడు" అన్నాడు.

ఆ తర్వాత రోజూ ఆ మటన్ పై ఇద్దరూ చెరిసగం తిన్నారు, మొన్న చలికాలం ఏంగస్ పోయేదాకా. పారే పక్కనే పెట్టాం. ఈసారి హోహెపావాళ్ళు ఎవర్నీ తమ నేలకి ఇమ్మని అడగలేదు. ఇప్పుడు హోహెపా ఉత్తరాన, ఆ ఒడ్డునే, ఒక్కడే ఉంటున్నాడు. చూపు ఆనదు. సెలవలకి అటు వెళ్తావుగా, ఇది ఆ తాతకి చదివి వినిపించు. మధ్యలో "ఆగు" అంటాడు. ఎందుకని అడక్కమ్మడూ. మళ్ళీ మొదటి నుంచి చదువు.