ఆరు గుండీలు

పొద్దున తొమ్మిదింటికి వచ్చిన మనిషిని మధ్యాహ్నం రెండున్నర దాకా బల్ల మీద కూర్చోబెట్టడం ఆ ఆఫీసుకు కొత్త కాదు. మాస్టరుకు దాహం వేసింది. భార్య సీసా మూత తీసి నోటికి అందించి, గడ్డం మీద కారిన నీళ్లు తుడిచింది. పక్కనున్నవాళ్లు చూపు తిప్పుకున్నారు. ఈరోజు కూడా కాదంటే ఇక ఎక్కే మెట్టు లేదని, పింఛను మాట మరిచిపోవాల్సిందేనని అర్జీలు రాసే పెద్దాయన ముందే చెప్పాడు.

ఇరవై రెండేళ్లు బట్టల కార్ఖానాలో గుడ్డ కత్తిరించిన మనిషి ఆయన. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, వీధంతటికీ మాస్టరే. అరవై పొరల గుడ్డ మీద నడిచే కోత మిషను ఒకనాడు కుడి చెయ్యి పట్టుకుంది. విడిపించుకోబోయి ఎడమ చెయ్యి కూడా దానికే ఇచ్చాడు. ఆసుపత్రిలో కుట్లు వేశారు. చూడ్డానికి పది వేళ్లూ ఉన్నాయి, ఒక్కటీ మాట వినదు. పూర్తిగా తెగిపోయి ఉంటే లెక్క తేలికగా తేలేదేమో. ఉండీ లేని వేళ్లను ఏ గడిలో రాయాలో సర్కారు ఫారంలో లేదు.

భార్య అదే కార్ఖానా చొక్కాలకు ఇంటి దగ్గర కాజాలు తీసి గుండీలు కుడుతుంది. పాతిక చొక్కాలకు కుడితే ఒక పూట కూరగాయలొస్తాయి. ఇప్పుడు ఇంటికి అదే ఆధారం.

మొదటిసారి డాక్టరు పరీక్షకు పిలిచినప్పుడు తప్పు చేసింది ఆమే. కుట్టుపనివాళ్లకు ఒక పట్టింపు ఉంటుంది: పస్తయినా ఉంటారు గానీ గుండీ ఊడిన చొక్కాతో నలుగురిలోకి వెళ్లరు. మాస్టరే అలా తిరిగితే ఆయన చేతి కోతను నమ్మేదెవరు? ఆ రోజు ఆమె మంచి చొక్కా ఇస్త్రీ చేసి, తొడిగి, మెడ దాకా ఆరు గుండీలూ పెట్టి, తల దువ్వి మరీ తీసుకెళ్లింది. పరీక్ష గదిలోకి ఆమెను రానివ్వలేదు. డాక్టరు ఆయన చేతులు ముట్టుకోనైనా లేదు.

నెల తర్వాత తిరస్కరణ కాగితం వచ్చింది. ‘అర్జీదారు శుభ్రంగా, చొక్కా గుండీలన్నీ సక్రమంగా పెట్టుకొని హాజరయ్యారు. వేళ్ల కదలిక సంతృప్తికరం.’ అర్జీల పెద్దాయన చదివి వినిపిస్తుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాననుకుంది.

అందుకే అప్పీలుకు మాసిన గడ్డంతో, చిరుగుల చొక్కాతో రమ్మన్నాడు పెద్దాయన. ఆమె పొద్దున్నే ఆ చొక్కా తీసింది కూడా. మాస్టరు దాన్ని చూసి నవ్వాడు.

“చేతులు పోయినమాట నిజమే కదా. నిజానికి మళ్లీ వేషమెందుకే?”

ఆమె వాదించింది, ఏడ్చింది, చివరికి ఇస్త్రీ చొక్కాయే తొడిగింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆయనకు మొండితనమైతే ఉంది గానీ బలం ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు.

పిలుపు వచ్చింది. బల్లకు అటువైపు ముగ్గురు: అధికారిణి, ఒక డాక్టరు, రాసుకునే గుమాస్తా. అధికారిణి చెడ్డమనిషి కాదు, అలసిపోయిన మనిషి. గుండీలు ఎవరు పెట్టారని అడిగింది. తానేనని భార్య చెబితే, ఇంట్లోవాళ్ల మాట రుజువు కిందికి రాదంది. గుండీలు విప్పి ఆయన్నే పెట్టుకోమంటే తేలిపోతుందన్నాడు డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండానే.

ఆరు గుండీలూ ఆమె విప్పింది. పరాయివాళ్ల ముందు మొగుడి ఎముకల గూడు బయటపడింది. సిగ్గుతో, దుఃఖంతో వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మాస్టరు చొక్కా అంచును రెండు అరచేతుల మధ్య ఇరికించి, గుండీని మణికట్టుతో తోశాడు. జారింది. మళ్లీ తోశాడు. ఆ కాజాలు ఆమె కుట్టినవే, ఎన్నేళ్లయినా సాగకూడదని దారం దగ్గరదగ్గరగా వేసి బిగువుగా కుట్టినవి. తన పనితనం మీద తనకే మొదటిసారి కోపం వచ్చింది.

నాలుగు నిమిషాలు గడిచాయి. ఆయన చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. గుమాస్తా తర్వాతి ఫైలు విప్పాడు.

“చాల్లెండి, చూశాం. తర్వాత తెలియజేస్తాం,” అంది అధికారిణి.

“పోయినసారి చూడకుండా రాశారండీ,” అన్నాడు మాస్టరు గుండీ మీంచి చూపు తీయకుండా. “ఇంకా ఒక్కటి కూడా పడలేదు. ఆరూ అయ్యేదాకా చూసి రాయండి.”

డాక్టరు గడియారం చూసుకున్నాడు. అధికారిణి భార్య వైపు తిరిగింది.

“బయట ఇంకా ముప్పైమంది ఉన్నారమ్మా. మీరే పెట్టేసి తీసుకెళ్లండి.”

ఆమె చేతులు అలవాటుగా లేచాయి. ప్రమాదం జరిగిననాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ చొక్కా దగ్గరికి వెళ్లే చేతులవి. వాటిని వెనక్కి తీసుకుని ఒళ్లో గట్టిగా ముడుచుకుంది.

“నేను పెట్టనండీ,” అంది.

మాస్టరు మొదటి గుండీని మళ్లీ అరచేతుల మధ్యకు తెచ్చుకున్నాడు.