పన్నెండు కత్తుల పెట్టె

ఆ వంటసామాన్ల దుకాణంలో మూడో అంతస్తుకి వెళ్ళగానే ఎదురుగా కనిపించే బల్ల అతనిది. బల్ల మీద చెక్క పలక, బుట్టెడు టమాటాలు, పక్కన గోడలా పేర్చిన కత్తుల పెట్టెలు. పదకొండు గంటలకి ఏప్రన్ కట్టుకుని అతను కోత మొదలుపెడితే అటుగా పోయేవాళ్ళు కాళ్ళకి బంధం వేసినట్టు ఆగిపోయేవారు. అతను కోసిన టమాటా ముక్కని దినపత్రిక మీద పరిస్తే అడుగున అక్షరాలు చదువుకోవచ్చు. తోటివాళ్ళు అతన్ని ‘కత్తి’ అని పిలిచేవారు. మొదట్లో వేళాకోళానికి అన్నదే, పోనుపోను అదే పేరై కూర్చుంది.

అయితే అతను కోసే కత్తి ఆ పెట్టెలోది కాదు. ఈ ఉద్యోగానికి రాకముందు ఆరేళ్ళు ఒక హోటల్లో కూరగాయలు తరిగాడు. అప్పుడు కొనుక్కున్న సొంత కత్తి అది. పెట్టెలో కత్తులకి ఉన్నటువంటి నల్లటి పిడి దానికి వేయించాడు. రోజూ పొద్దున్నే పావుగంట సానరాయి మీద నూరి, గుడ్డలో చుట్టి సంచిలో తెచ్చుకునేవాడు. అది తప్పని అతనికెన్నడూ తోచలేదు. అద్దాల వెనక బొమ్మకి తొడిగిన చొక్కా మన ఒంటికి అలాగే కుదురుతుందా, ఇదీ అంతే అనుకునేవాడు.

ఒకరోజు జనంలో పిన్ని కనిపించింది. వాళ్ళమ్మ చెల్లెలు. ముప్పై నాలుగేళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోకుండా తన పెద్దక్క దగ్గరే ఉండిపోయింది. వంటంతా పెద్దమ్మ చూసుకునేది. పాలు కాచడం దాటి పిన్నికి ఏమీ రాదు. ఇప్పుడు పెద్దమ్మ బాత్రూంలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా చేతికి మునుపటి బలం రావడం కష్టమన్నాడట డాక్టరు. అరవై ఏళ్ళకి ఓనమాలు దిద్దుకుంటున్నానని పిన్ని నవ్వుతూనే చెప్పింది.

“ఏది కొనాలో నువ్వే చెప్పరా. నాకు వీటి సంగతి ఏం తెలుసు?” అంది.

ఇంటి వంటకి మూడు కత్తులు చాలు. అరచేతికి సరిపోయే మధ్యరకందొకటి, తొక్కలు తీయడానికి చిన్నదొకటి, రొట్టె కోయడానికి రంపపు పళ్ళదొకటి. అవి రెండో అంతస్తులో విడివిడిగా దొరుకుతాయి. పట్టుకుని చూసి, బరువు కుదిరితేనే తీసుకోవాలి. ఇదంతా అతనికి నోటికొచ్చిన పాఠమే. కానీ మేనేజరు వెనకే నిలబడి ఉన్నాడు. పదిమంది చూస్తున్నారు. అతను పన్నెండు కత్తుల పెట్టె తీసి పిన్ని చేతిలో పెట్టాడు.

పిన్ని పెట్టెని గుండెకి ఆనించుకుని, పక్కన తటపటాయిస్తున్న ఆవిడతో, “ధైర్యంగా తీసుకోండమ్మా, మా అక్క కొడుకే. నాకు తప్పుడు సరుకు ఇస్తాడా?” అంది. చంకలో చంటిపిల్ల ఉన్న ఆవిడ ఒక పెట్టె తీసుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకో ముగ్గురు తీసుకున్నారు. ఆ సాయంత్రం మేనేజరు అతని భుజం తట్టాడు.

నెల తిరిగాక పిన్ని ఫోన్ చేసింది. ఆదివారం ఒకసారి వచ్చి తన కోత చూడమంది. ఏదో తేడాగా ఉందని, ఎంత సాధన చేసినా అతని చేతిలో వచ్చినట్టు రావడం లేదని చెప్పింది.

వెళ్ళాడు. వంటగది అద్దంలా ఉంది. గట్టు మీద పన్నెండు కత్తులూ తళతళలాడుతూ వరసగా ఉన్నాయి. పిన్ని ఎడమచేతి వేళ్ళలో మూడింటికి ప్లాస్టర్లు. పెద్దమ్మ కట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

“రెండు చేతులతో ఇది చేసే వంట కంటే నా ఒంటి చేతి వంటే నయంరా,” అంది పెద్దమ్మ.

పిన్ని నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. టైపు నేర్చుకున్న రోజుల్లోలాగే తేదీలు వేసి రాసుకుంది. రోజుకి అరగంట. ఒక క్యారెట్టుకి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ జారిందో, ఏ వేలు తెగిందో. ఒకచోట ‘నిదానం లేదు, తప్పు నాదే’ అని రాసి కింద గీత గీసింది. అతను ఆ పేజీ గబుక్కున తిప్పేశాడు.

తర్వాత ఆవిడ అతని ఎదురుగా టమాటా కోసింది. కత్తి తొక్క మీద జారింది. గట్టిగా నొక్కితే టమాటా చితికి రసం గట్టంతా పాకింది. “చూశావా, ఇదీ నా బతుకు,” అంటూ పిన్ని గుడ్డతో తుడుచుకుంది. పెద్దమ్మ ఎడమచేత్తో కత్తి అందుకుని, అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి చూసింది. తర్వాత తలెత్తి అతని ముఖంలోకి చూసింది. కత్తి పలక మీద పెట్టేసింది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నాలుకదాకా వచ్చింది కూడా. కానీ అతని నోటి వెంట వచ్చిన మాట వేరు.

“కొత్తలో అందరికీ ఇంతే పిన్నీ. నీ మణికట్టు బిగుసుకుపోతోంది.”

ఆ పైన అరగంట సేపు ఎలా నిలబడాలో, వేళ్ళు ఎలా ముడుచుకోవాలో, మోచెయ్యి ఎక్కడుండాలో నేర్పాడు. ఎంత నూరినా వారం నిలవని ఆ మొండి రేకుతోనే నేర్పాడు. పిన్ని బుద్ధిగా తలూపుతూ అన్నీ పుస్తకంలో రాసుకుంది. వెళ్ళేటప్పుడు తన కోసం సెలవురోజు పాడుచేసుకున్నాడని నొచ్చుకుంది.

ఆ రాత్రి అతను సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. భార్య ఏమైందని అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు. మర్నాడు బల్ల దగ్గర కోస్తూ అలవాటు మాటలు మొదలుపెట్టాడు. ‘ఇప్పుడే పెట్టెలోంచి తీసింది’ అనే చోటికి వచ్చేసరికి దగ్గు వచ్చినట్టు నటించాడు. దుకాణం మూసేదాకా ఉండకుండా తన కత్తి గుడ్డలో చుట్టుకుని పిన్ని ఇంటికి పోయాడు.

గట్టు మీద ఆ కత్తి పెట్టి, మరో టమాటా తీసి పిన్నినే కోయమన్నాడు. ఆవిడ కత్తి ఆనించిందో లేదో ముక్క తెగి పక్కకి ఒరిగింది. తన చేతినే నమ్మలేనట్టు ఆవిడ ఇంకో ముక్క కోసింది. మరొకటి కోసింది.

“నీ చేతిలో లోపం లేదు పిన్నీ. ఆరోజు బల్ల మీద నేను కోసింది దీంతో. ఇది నా సొంతది. నీకు అంటగట్టింది వేరు. తెలిసే అంటగట్టాను. నిన్న కూడా తెలిసే అబద్ధమాడాను.”

పిన్ని కత్తి కింద పెట్టింది. కోప్పడుతుందని, ఏడుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆవిడ అలాంటిదేమీ చేయలేదు. కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది.

“ఆ చంటిపిల్లని ఎత్తుకున్నావిడ కూడా కొంది కదరా,” అంది చివరికి. “నేను చెప్పబట్టే కొంది. ఆవిడ కూడా తప్పు తన చేతిదే అనుకుంటూ ఉంటుందేమో.”

అంతదాకా అన్నీ వింటున్న పెద్దమ్మ స్టూలు మీద నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇద్దరికిద్దరూ తన ముందు తలెత్తలేకపోతున్నారని ఆవిడకి అర్థమైనట్టుంది. కత్తి ఉంచుకోమని అతను బతిమాలాడు. అది నీ పనిముట్టు, నాకెందుకని పిన్ని దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి ఇచ్చేసింది.

మర్నాడు అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి, బల్ల దగ్గర ఇక నిలబడలేనన్నాడు. నిలబడాలంటే పెట్టెలోని కత్తితోనే కోస్తానన్నాడు. మేనేజరు ఎగాదిగా చూసి, పిచ్చి పట్టిందా అని, అతన్ని గిన్నెలూ మూతలూ అమ్మే చోటికి మార్చాడు. ఆరోజు కొన్నవాళ్ళ గ్యారంటీ కాగితాలు వెతికితే ముగ్గురి ఫోన్ నంబర్లు దొరికాయి. ఇద్దరు తమ కత్తులు బాగానే ఉన్నాయని, నీకేం పనిలేదా అని ఫోన్ పెట్టేశారు. ఒకాయన విని, తిట్టి, పెట్టె వెనక్కి తెచ్చాడు. చంటిపిల్ల ఆవిడ కాగితం నింపలేదు. ఆవిడెవరో, ఎక్కడుంటుందో తెలియనే లేదు.

రెండు వారాల తర్వాత పిన్ని తన పెట్టె వాపసు ఇవ్వడానికి వచ్చింది. అతనికి కబురు చేయలేదు. గిన్నెల మధ్య నుంచి చూసి అతనే వెంట వెళ్ళాడు. పెట్టె ఇచ్చేశాక, రెండో అంతస్తులో కత్తుల దగ్గరుండే అమ్మాయిని పిలిచి, సంచిలోంచి తాను తెచ్చుకున్న టమాటాలు, క్యారెట్లు తీసి, కోసి చూసుకోవచ్చా అని అడిగింది పిన్ని. ఆ అమ్మాయి నవ్వి పలక తెచ్చింది. పిన్ని ఒక్కో కత్తీ పిడి పట్టుకుని చూసి, బరువు తూచుకుని, నిదానంగా కోసింది. ఒకటి జారుతోందని పక్కన పెట్టింది, ఇంకొకటి మణికట్టు లాగుతోందని తిరిగి ఇచ్చింది. ఎదురుగా అతను ఉన్నా ఒక్క మాట అడగలేదు. అడిగినవన్నీ ఆ అమ్మాయినే అడిగింది. అతను ఆవిడ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

చివరికి పిన్ని మధ్యరకం కత్తి ఒకటి, తొక్క తీసేది ఒకటి తీసుకుంది. అతను ఎంచినా ముందు ఆ రెండే ఎంచేవాడు. ఆ మాట అనలేదు.

మెట్లు దిగుతూ, పెద్దమ్మ కట్టు గురువారం విప్పుతారని, వీలైతే ఆసుపత్రికి రమ్మని పిన్ని చెప్పింది. వస్తానన్నాడు.